ముందు కప్పు చూడండి: మీ ఊరి గ్రంథాలయ భవనం చరిత్ర రాయడం ఎలా

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. 1919 నవంబర్ 14న మద్రాసులో దేశం మొత్తం మీది గ్రంథాలయాల వాళ్లు మహాసభ పెట్టుకున్నారు, ఆ తేదీ అలా నిలిచిపోయింది. ఆ వారం దగ్గర పడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. బొబ్బిలి వైపు నుంచి ఒక హైస్కూలు మాస్టారు, పలాస వైపు నుంచి ఒక డిగ్రీ అమ్మాయి, ఇలా ఎవరో ఒకరు. "సార్, మా ఊరి లైబ్రరీ గురించి నాలుగు పేజీలు రాయాలి. ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలీదంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని టెన్షన్ పడుతుంటారు.

నేను పుస్తకాల మనిషిని కాను. ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఏఈగా చేరి, డీఈగా రిటైరై, విజయనగరంలో ఉంటున్నాను. ఉద్యోగం పొడుగునా బడులు, పంచాయతీ ఆఫీసులు, లైబ్రరీ గదులు రిపేర్లు చేయించడమే పని. అందుకే గ్రంథాలయంలో అడుగుపెడితే అందరూ బీరువాల వైపు చూస్తారు, నేను తలెత్తి కప్పు చూస్తాను. బోర్డు అబద్ధం చెప్పొచ్చు, పెద్దాయన మర్చిపోవచ్చు, కప్పు మాత్రం కాలాన్ని దాచుకోలేదు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందు మూడు తేదీలు విడదీయండి

సంస్థ పుట్టిన తేదీ వేరు, భవనం కట్టిన తేదీ వేరు, ప్రభుత్వం చేతికి వచ్చిన తేదీ వేరు. బోర్డు మీద "స్థాపితం" అని ఉండేది మామూలుగా మొదటిది. దాన్ని పట్టుకుని "ఈ భవనం వందేళ్ల నాటిది" అని రాసేస్తారు, గోడ చూస్తే సిమెంటు ఇటుక కనిపిస్తుంది.

పెద్ద గ్రంథాలయాలే చూడండి. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది, సొంత భవనంలోకి వచ్చింది 1921లో. మన వైపు విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి 1886లోనే సరస్వతీ నిలయం పెట్టారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వచ్చాక, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి వాళ్లు ఊరూరా తిరిగాక పల్లెల్లో పఠనాలయాలు లేచాయి. వాటిలో ఎక్కువ భాగం సత్రం అరుగు మీదో, గుడి మండపంలోనో, ఒక షావుకారు ఇచ్చిన ముందుగదిలోనో మొదలైనవే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. దానికి ఏ గోడ తవ్వి పునాది వెతుకుతారు?

మూడో తేదీ, అంటే ప్రభుత్వం చేతికి రావడం. 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది. తర్వాత మన రాష్ట్రానికి 1960 నాటి చట్టం. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది దీని కిందే. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. రూపాయి పన్నుకి 8 పైసలు. ఊరి వాళ్లు నడుపుకుంటున్న పఠనాలయాన్ని సంస్థ తీసుకున్నప్పుడు కొన్నిచోట్ల భవనం కూడా రాసిచ్చారు, కొన్నిచోట్ల అద్దెకిచ్చారు. ఈ తేడా మీ వ్యాసానికి చాలా ముఖ్యం. తర్వాత రిపేరు ఎవరు చేయించాలన్న తగువంతా అక్కడే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇంకో తలనొప్పి ఉంది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు 1936 దాకా గంజాం జిల్లా. ఆ ఏడు ఒరిస్సా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి శ్రీకాకుళంలో ఉండి, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. కాబట్టి పాత కాగితం వెతికేటప్పుడు "మా జిల్లా రికార్డులో లేదు" అని వెనక్కి రాకండి. 1936కి ముందు నాటి సోంపేట పఠనాలయం కాగితం గంజాం పేరు మీద ఉంటుంది.

శిలాఫలకం చదవడం

ఫలకం మీద వెల్ల మీద వెల్ల పడి అక్షరాలు పూడిపోయి ఉంటాయి. వైరు బ్రష్షూ, ఉలీ తీసుకెళ్లకండి, ఉన్న అక్షరం కూడా పోతుంది. తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఆరనివ్వండి. పొద్దు గుంకాక వెళ్లి, ఒకరు ఫోను టార్చిని రాయి అంచుకు ఆనించి పక్క నుంచి వెలుతురు వెయ్యాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి ఫొటో తియ్యాలి. పగలు చదునుగా కనిపించిన రాయి మీద అక్షరాల నీడలు లేస్తాయి. టార్చిని నాలుగు వైపులా మార్చి నాలుగు ఫొటోలు తీస్తే ఒకదాంట్లో దొరకని అక్షరం ఇంకోదాంట్లో దొరుకుతుంది.

శంకుస్థాపన ఫలకమా, ప్రారంభోత్సవ ఫలకమా చూసుకోండి. రెండింటి మధ్య ఏళ్లు గడిచిన చోట్లున్నాయి, చందాలు ఆగిపోతే గోడలు ఆగిపోయేవి. సంవత్సరం ఇంగ్లిషు లెక్కలో లేకపోతే గాభరా పడొద్దు. శాలివాహన శకానికి 78 కలపాలి. జమీందారీ, రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది, దానికి 590 కలపాలి. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉంటే అరవై ఏళ్ల చక్రంతో చిక్కు. "శార్వరి" అని ఉందనుకోండి, 1900-01 కావచ్చు, 1960-61 కావచ్చు. ఎలా తేల్చాలి? మళ్లీ కప్పు దగ్గరికే రావాలి.

కప్పు, ఇటుక, సున్నం

గది మధ్యలో నిలబడి పైకి చూడండి. మూరెడు, మూరెడున్నర ఎడంలో వరసగా టేకు దూలాలు, వాటి మధ్య బొటనవేలంత మందం ఉన్న సన్నటి ఇటుకలు అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చి ఉంటే, అది మద్రాసు టెర్రస్. సిమెంటు సంగతి తెలియని రోజుల మిద్దె. ఇటుకల్ని సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన మందపాటి పొర పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క సుత్తులతో రోజుల తరబడి కొట్టేవారు. సుత్తి దెబ్బకి గుంట పడకుండా, ఖంగుమని పైకి ఎగిరేదాకా కొట్టాలి. ఆ పైన పలచటి పలకలు. ఇంత చేసినా బరువంతా మోసేది ఆ దూలాలే. దూలం మధ్యలో బలంగానే ఉంటుంది. పాడయ్యేది గోడలోకి దూరిన కొస దగ్గర, తడీ చెదలూ చేరేది అక్కడే. నిచ్చెన వేసుకుని కొస మీద వేలి కణుపుతో కొట్టండి. గట్టి శబ్దం వస్తే పర్వాలేదు. బోలుగా వస్తే వ్యాసం పక్కన పెట్టి ముందు లైబ్రేరియన్‌తో చెప్పి ఆ దూలం కింద కుర్చీలు తీయించండి.

దూలాల బదులు ఇనుప గర్డర్లు ఉంటే సంతోషించండి, వాటి మీద ముద్ర ఉంటుంది. రంగు పొరల కింద ఎత్తుగా అక్షరాలు చేతికి తగులుతాయి. "డార్మన్ లాంగ్" అని ఉంటే ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇనుము. "టాటా" అని ఉంటే ఆ కప్పు 1912 కంటే పాతది కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు పోయడం మొదలైందే అప్పుడు. మన వైపు విజయవాడ నుంచి కటకం దాకా రైలు పట్టాలు పడింది 1890లలో, అంతకు ముందు ఇంత బరువు సరుకు లోపలి ఊళ్లకు చేర్చడం మామూలు పని కాదు.

పెంకుటిల్లు అయితే ఇంకా సులువు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, ఆ తరహా పెంకుల్ని తర్వాత చాలామంది చేశారు. ప్రతి పెంకు అడుగున చేసిన వాళ్ల పేరు, ఊరు అచ్చు పడి ఉంటాయి. అంచున ఊడిన పెంకు ఒకటి తిప్పి చూసి ఫొటో తీసి మళ్లీ పెట్టెయ్యండి. ఒకే కప్పులో మూడు రకాల ముద్రలు కనిపిస్తే, ఏ తుఫానుకి ఎంత పోయిందో అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. ఈ రెండింటి తర్వాత రేకులూ పెంకులూ మారిన భవనాలు మన దగ్గర కొల్లలు. కప్పు కొత్తదని భవనం కొత్తది అనుకోకూడదు. సున్నం గోడల మీద కాంక్రీటు స్లాబు కూర్చుని ఉంటే, పాత గోడల మీద కొత్త కప్పు వేశారని అర్థం. మీ వ్యాసంలో రెండు తేదీలూ రావాలి.

గోడ మందం కిటికీ దగ్గరో, గుమ్మం దగ్గరో కొలవండి. అడుగున్నర, రెండడుగులు ఉంటే సున్నం రోజులది అయ్యుండొచ్చు. పూత ఊడిన చోట అతుకు పదార్థాన్ని గోటితో గీకండి. తెల్లగా పొడి రాలితే సున్నం, బూడిద రంగులో గీత కూడా పడకపోతే సిమెంటు. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్‌లో. పల్లె కట్టడాల్లోకి అది రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఖొండలైటు రాతి పునాది మన కొండల వైపు మామూలే. గులాబీ ఛాయ, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు, వానకి పొడిలా రాలే గుణం. చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇక్కడ కాస్త నా బాధ చెప్పుకోనివ్వండి. ఒక ఊళ్లో (పేరెందుకు లెండి) చక్కటి సున్నం గోడల లైబ్రరీ. నేల చెమ్మ పైకి ఎక్కుతోందని, అడ్డుకోవడానికి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు పూత వేయించారు. సున్నం పూత ఉంటే గోడలో చేరిన తడి బయటికి ఆవిరై పోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి నాలుగడుగులు దాటి పైకెక్కి, సరిగ్గా పుస్తకాల బీరువాల వీపు దగ్గర బయటపడింది. ఉప్పు పొంగి తెల్లటి బూజులా పొర. వెనక అరలో పుస్తకాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒకాయన అనేవాడు, "గానుగ సున్నం నానిన కొద్దీ బలం బాబూ. దాని మీద సిమెంటు రాస్తే ఊపిరాడక సచ్చిపోద్ది" అని. ఆయన చదువుకోలేదు, చెప్పింది అక్షరాలా నిజం. కాబట్టి మీరు వెళ్లిన భవనంలో కింది నాలుగడుగులు వేరే రంగులో, వేరే నునుపుతో ఉంటే అది కూడా చరిత్రే, రాసుకోండి.

పుస్తకాల బరువు

గ్రంథాలయంగా కట్టిన భవనానికీ, గ్రంథాలయంగా మారిన ఇంటికీ తేడా పట్టేది బరువు దగ్గర. ఏ గదికి ఎంత బరువు లెక్క కట్టాలో చెప్పే మన దేశపు కోడ్, ఐఎస్ 875 రెండో భాగం, ఇంటి గదికి చదరపు మీటరుకి దాదాపు 200 కేజీల బరువు లెక్క వేయమంటుంది. పుస్తకాలు కూడా ఉండే చదువుకునే గదికి 400. పుస్తకాల ర్యాకులే నిండిన గదికి 600. అది కూడా ర్యాకుల ఎత్తు 2.2 మీటర్లకి, ఆపైన ప్రతి మీటరుకీ ఇంకో 200 చొప్పున కలపాలి. అంటే పడకగది పైకప్పు మీద పుస్తకాల గది పెడితే, కట్టినప్పటి లెక్కకి మూడు రెట్లు. నమ్మకం కుదరకపోతే ఒక అర పుస్తకాలు దించి కిరాణా కొట్టు కాటా మీద తూచి చూడండి.

పాతకాలం వాళ్లకి కోడ్ లేదు, బుర్ర ఉంది. పుస్తకాల బీరువాలు గోడవార పెట్టారు, లేదా మందపాటి గోడలోనే గూళ్లు తీసి తలుపులు బిగించారు. గది మధ్యలో బల్లలూ మనుషులూ మాత్రమే. పుస్తకాలు వేలల్లోంచి లక్షల్లోకి పెరిగాక గోడలు చాలలేదు. పారిస్‌లో లాబ్రూస్త్ అనే ఆర్కిటెక్ట్ సెంత్-జెనెవియేవ్ గ్రంథాలయాన్ని 1850 నాటికి పూర్తి చేశాడు. పైన పెద్ద చదువు గది, దాని కప్పుని సన్నటి ఇనుప స్తంభాలూ ఇనుప కమానులూ మోస్తాయి. అంతవరకూ ఇనుము రైల్వే స్టేషన్లకీ, మార్కెట్లకీ సరిపోతుందనుకునే వారు. వాషింగ్టన్‌లో 1897లో తెరిచిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భవనంలో ఇనుప ర్యాకులే అంతస్తుల మీద అంతస్తులుగా తమ బరువు తాము మోసుకుంటూ నిలబడతాయి. మద్రాసులో హెన్రీ ఇర్విన్ గీసిన కన్నెమరా గ్రంథాలయం 1896లో తెరిచారు. రంగు అద్దాలు, చెక్కిన టేకు పని. ఎగ్మూరు వైపు వెళ్తే పాత భవనం తప్పకుండా చూడండి. మన జిల్లాలు కూడా అప్పట్లో ఆ రాష్ట్రంలోవే కదా, అది మనది కూడా.

విజయనగరం రాజులు పుస్తకాల మీద పెట్టిన డబ్బు సంగతి చాలామందికి తెలియదు. మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో వేసిన ఋగ్వేదం రెండో ముద్రణ, 1890-92లో నాలుగు సంపుటాలు, ఆనందగజపతి మహారాజు ఖర్చుతో అచ్చయింది. అది భవనం కాదు, పక్కదారి పట్టాను, పదండి.

ఇల్లు గ్రంథాలయంగా మారిన చోట గుర్తులు వేరే ఉంటాయి. వెనక గదిలో వెల్ల కింద నుంచి పొగ నలుపు బయటపడుతుంటే అది వంటగది. పెరట్లో పూడ్చిన నుయ్యి. నేలలో సగం పాతిన రోలు. గుమ్మం పైన చెక్కిన పువ్వులు. ఇవి చెత్త కాదు, ఫొటో తియ్యండి. పుస్తకాల కోసం కట్టినా ఇంటి తరహాలోనే కట్టినవీ ఉన్నాయి. శ్రీకాకుళం విశాఖ-ఏ కాలనీలో ఇళ్ల మధ్య కథానిలయం ఉంది, కాళీపట్నం రామారావు మాస్టారు మొదలుపెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. మాస్టారు 2021లో పోయారు. ఇలాంటి కొత్త భవనాల గురించి కూడా ఇప్పుడే రాయాలి. కట్టించిన వాళ్లు, కట్టిన వాళ్లు ఇంకా ఉన్నప్పుడు ఒక్క సాయంత్రంలో తెలిసేది, ముప్పై ఏళ్లు పోయాక టార్చి వేసుకుని గోడలు తడిమినా తెలియదు.

వెలుతురు, అరుగు, కటకటాలు

కరెంటు లేని రోజుల్లో చదువుకునే గది అంటే కిటికీ. కిటికీ ఎంత ఎత్తుకి వెళ్తే వెలుతురు అంత లోపలికి పడుతుంది. బోస్టన్‌లో 1895లో తెరిచిన పబ్లిక్ లైబ్రరీ భవనం ముఖమంతా పెద్ద కమాను కిటికీల వరసే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1857 నాటి గుండ్రటి చదువు గదికి 140 అడుగుల వెడల్పు గోపురం, వెలుతురు పైనుంచి. ఫిన్లండ్ వాడు ఆల్వార్ ఆల్తో 1935లో వీపురిలో కట్టిన గ్రంథాలయం కప్పులో 57 గుండ్రటి బొక్కలు పెట్టి, పేజీ మీద చేతి నీడ పడకుండా చేశాడు. ఆ దేశంలో ఎండ దొరకడమే కరువు. మన దగ్గర బాధ తిరగబడింది, వెలుతురు కావాలి, ఎండ వద్దు.

అందుకే ఫోనులో దిక్సూచి తెరిచి ఏ కిటికీ ఏ దిక్కో రాసుకోండి. తెలిసిన మేస్త్రీ చదువు గదికి పెద్ద కిటికీలు ఉత్తరాన పెడతాడు. అయితే మన ఊళ్లు 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి కాబట్టి మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఉత్తరం కిటికీకి కూడా సన్‌షేడ్ ఉందంటే కట్టినవాడు ఎండాకాలం చూసినవాడన్నమాట. పడమటి గోడకి కిటికీలు లేకుండా బీరువాలు ఉంటే అది కూడా కావాలని చేసిందే. కిటికీ పైన వెంటిలేటర్లు ఎన్ని మూసేశారో, వాటిలో ఏసీ ఎక్కడ దూర్చారో చూడండి.

ఆ తర్వాత మనుషులు ఎలా తిరిగేవారో చూడండి. మన శాఖా గ్రంథాలయాల్లో చాలావాటికి ముందు పొడుగాటి వరండా ఉంటుంది, పేపర్లు చదివేది అక్కడే. పుస్తకాల గది తాళం తియ్యకముందే పేపరు రాయుళ్లు వచ్చి కూర్చోవచ్చు. ఒకరు రాజకీయాలు పైకి చదువుతుంటే నలుగురు వింటారు, లోపల పోటీ పరీక్షల పిల్లలకి ఇబ్బంది లేదు. చిన్న ఆలోచనే, కానీ దీన్ని గ్రిల్లు పెట్టి మూసేసిన చోటల్లా పెద్దవాళ్లు రావడం మానేశారు. నాకు ఇది అస్సలు నచ్చని రిపేరు.

లోపల కౌంటరు ఉందా, దానికి జాలీ ఉందా? పాత పద్ధతిలో పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే లోపలి మనిషి తెచ్చి ఇచ్చేవాడు, పాఠకుడు అరల దగ్గరికి వెళ్లడానికి లేదు. ఇంగ్లండ్‌లో కూడా క్లర్కెన్‌వెల్‌లో 1894లో జేమ్స్ డఫ్ బ్రౌన్ పాఠకుల్ని అరల దాకా రానిచ్చే వరకూ ఇదే తంతు. మన దేశంలో రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు చెప్పారు, వాటిలో మొదటిది పుస్తకాలు వాడుకోవడానికి అన్నది. మీ లైబ్రరీలో నేల మీద పాత కౌంటరు కాళ్ల గుర్తులు, గోడకి జాలీ బిగించిన కన్నాలు కనిపిస్తే, ఏ కాలంలో అడ్డు తీసేశారో అడగండి.

కాగితాలు

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సర్వే నంబరు రాసిచ్చి పుస్తకాల్లో వెతికించుకోవాలి, ఓపిక ఉండాలి. దాన పట్టా దొరికితే షరతులు చదవండి, "గ్రంథాలయానికి తప్ప వేరే పనికి వాడరాదు" లాంటి వాక్యం ఉంటే అది మొత్తం వ్యాసంలో అతి ముఖ్యమైన వాక్యం. పంచాయతీ తీర్మానాల పుస్తకం, జిల్లా గ్రంథాలయ సంస్థ ఫైలు కూడా అడగండి.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైంది పుస్తకాల మీది రబ్బరు స్టాంపు. ఒక మూల పడేసిన పాత పుస్తకాలు పది తీసి మొదటి పేజీ చూడండి. సంస్థ పాత పేరు, పాత వీధి, ఒక్కోసారి ఇచ్చిన దాత సంతకం, తేదీ ఉంటాయి. స్టాంపులో పేరు మారిన ఏడూ, భవనం మారిన ఏడూ తరచుగా ఒకటే. దాన్ని అక్సెషన్ రిజిస్టరు (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసి రాసుకునే పుస్తకం) మొదటి పేజీలతో కలిపి చూస్తే సంస్థ ఎప్పుడు నిద్రపోయింది, ఎప్పుడు లేచింది కూడా తెలుస్తుంది. పుస్తకాలు వరసగా ఎక్కుతూ ఎక్కుతూ మూడేళ్లు ఖాళీ ఉంటే ఆ మూడేళ్లలో ఏమైందో వెతకండి.

పెద్దవాళ్లని అడిగే తీరు

"ఎప్పుడు కట్టారు?" అని అడగకండి. "దీనికి ముందు ఇక్కడేం ఉండేది?" అని అడగండి. ఇసుక ఏ గెడ్డ నుంచి తెచ్చారు, ఇటుక ఎక్కడ కాల్చారు, మేస్త్రీ ఏ ఊరాయన, ప్రారంభం రోజు భోజనాలు ఎవరు పెట్టారు అని అడగండి. సంవత్సరం వాటి వెనకే వస్తుంది.

ఆమదాలవలస వైపు ఒక ఊళ్లో సెంటరులో కూర్చున్న పెద్దలంతా తలో ఏడు చెప్పారు. పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న ముసలమ్మ వింటూ వింటూ, "ఏటి బాబూ, సమ్మచ్చరాలు నాకేటి తెల్సు? మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు సలాబు ఏసినారు. ఆ తట్టలు మోసింది నానే" అంది. మంచిదమ్మా, మీ పెద్దబ్బాయికి ఎన్నేళ్లు అంటే ఆధార్ కార్డు తెప్పించింది. జూలై 1. మన వైపు ఆ తరంలో సగం మంది పుట్టినరోజు జూలై 1, బడిలో వేసిన మాస్టారి పుణ్యం. దాంతో పని కాలేదు. "బారసాల గుర్తుందా అమ్మా?" అంటే, ఆ రోజే నెహ్రూ పోయారని రేడియోలో చెప్పారని, పాట కచేరీ పెట్టుకోలేదని చెప్పింది. 1964 మే 27. అంటే స్లాబు 1963 చివరనో 64 మొదట్లోనో పడింది. తర్వాత పంచాయతీ పుస్తకంలో బిల్లు తీర్మానం దొరికింది, సరిపోయింది. శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంది, కాంట్రాక్టరు పేరుంది. తట్టలు మోసినావిడ పేరు లేదు. మీరు రాసేటప్పుడు ఆవిడ ఒప్పుకుంటే పేరు వెయ్యండి.

కొలత, రాత

30 మీటర్ల టేపు, గ్రాఫ్ కాగితం, ఇద్దరు మనుషులు చాలు. గది పొడుగు, వెడల్పుతో పాటు మూల నుంచి మూలకి కూడా కొలవండి. రెండు ఐమూలలూ సమానంగా రాకపోతే గది వంకర. పాత గోడకి కొత్త గది అతికించిన చోట ఇలా బయటపడుతుంది. ఇటుక కనిపించిన చోట పొడుగు, వెడల్పు, మందం రాసుకోండి. ఫొటోలకి నంబర్లు వేసి, ఏ నంబరు ఎక్కడ నిలబడి తీశారో ప్లానులో గుర్తు పెట్టండి. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు.

రాసేటప్పుడు తేలిన దాన్ని తేలినట్టు, తేలనిదాన్ని "1930-36 మధ్య" అన్నట్టు రాయండి, పక్కన ఎందుకలా అనుకుంటున్నారో ఒక వాక్యం. దాతల పొగడ్తలు తగ్గించి, కప్పు ఎన్నిసార్లు మారిందో, ఎవరి డబ్బుతో మారిందో చెప్పండి. రిపేరు కావాల్సినవి చివర్లో ఒక పేజీ వేరేగా రాస్తే ఇంజనీరింగ్ వాళ్లకి ఎస్టిమేట్ వెయ్యడానికి పనికొస్తుంది.

నాలుగు కాపీలు తీయించండి. ఒకటి పంచాయతీకి, ఒకటి హైస్కూలుకి, ఒకటి జిల్లా గ్రంథాలయ సంస్థకి. నాలుగోది బైండింగ్ చేయించి మీ లైబ్రరీకే ఇచ్చి, అక్సెషన్ నంబరు వేయించి, స్టాంపు కొట్టించండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.